కార్పొరేట్ విలన్‌కి తుపాకీ ఎందుకండీ?

సంపాదకులకు నమస్కారం.

రాజకీయ వ్యంగ్యం దట్టించిన క్రైమ్ సినిమాలు తెలుగులో రాకపోవడానికి సెన్సారే కారణమని మీ ఆదివారం సినిమా పేజీలో ఈమధ్య ఒక వ్యాసం వచ్చింది. అది సగమే నిజం. సెన్సార్ ఎక్కడ అడ్డుపడుతుందో, ఎక్కడ పడదో కింద రాస్తాం. అసలు లోటు మాత్రం స్క్రిప్టులోనే ఉంది. నేరం, అవినీతి చుట్టూ తిరిగే మన చీకటి సినిమాల్లో కంపెనీ అధిపతి గాజు గదిలో నిలబడి, సిగార్ వెలిగించి, ఫోన్లో "లేపేయండి" అంటాడు. మంత్రి పక్క సోఫాలో కూర్చుని వికటంగా నవ్వుతాడు. డబ్బు సూట్‌కేసులో వెళ్తుంది. అవతల గోదాములో ఒక శవం. ఈ కంపెనీ ఏం తయారుచేస్తుందో, దాని బాకీలు ఎవరికో, ఆ మంత్రి ఏ ఫైలు మీద సంతకం పెట్టాడో సినిమా అయిపోయినా తెలియదు. ఇలాంటివాడు కల్తీ సారా కాసినా, సాఫ్ట్‌వేర్ అమ్మినా ఒక్కటే. కోటు వేసుకున్న పాత ఫ్యాక్షనిస్టు, అంతే.

మేం ఆడిట్, కంపెనీ చట్టం, స్క్రిప్టుల న్యాయ పరిశీలన పనుల్లో ఉన్నవాళ్లం. కంపెనీ చేసే నేరం కాగితం మీద జరుగుతుంది, అందులోని హాస్యం కూడా ఆ కాగితం మీదే ఉంటుంది, దాన్ని చదవకుండా రాసిన వ్యంగ్యం తిట్టుగానే మిగులుతుంది అన్నది మా వాదన. హైదరాబాద్‌లో కూర్చుని ఈ కథలు రాసేవాళ్లకు ముడిసరుకు దొరకలేదంటే మాత్రం ఒప్పుకోలేం.

2009 జనవరి 7న హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు దొంగ లెక్కలు ఒప్పుకుంటూ తన బోర్డుకు రాసిన ఉత్తరం తీసుకోండి. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు అసలు లేవు. రావాల్సిన వడ్డీ అని చూపిన 376 కోట్లూ లేవు. లెక్కల్లోకి ఎక్కని బాకీ 1,230 కోట్లు. ఖాతాదారులు ఇవ్వాల్సింది 490 కోట్లు ఎక్కువ చేసి చూపారు. అంతకుముందు సెప్టెంబరు త్రైమాసికంలో ఆదాయం 2,700 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లు అని ప్రకటించారు. నిజానికి వచ్చింది 2,112 కోట్లు, మిగిలింది 61 కోట్లు. పులి మీద స్వారీ, దిగితే తినేస్తుంది అన్న మాట కూడా ఆ ఉత్తరంలోదే. ఒక్క తూటా పేలలేదు. షేరు మాత్రం ఒక్క రోజులో ముప్పాతిక వంతుకు పైగా పడిపోయింది. అంతకు కొద్ది నెలల ముందే ఉత్తమ కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు ఇదే కంపెనీకి వచ్చింది. స్క్రిప్టు చర్చలో ఎవరైనా ఈ సంగతి చెప్తే "మరీ సినిమాటిక్‌గా ఉంది, తీసెయ్" అంటారు.

అయితే అంకెలు తెరమీద వేస్తే సీను కాదు. అబద్ధం ఎలా నడుస్తుందో తెలియాలి. దొంగ అమ్మకం ఒక ఇన్వాయిస్‌తో మొదలవుతుంది. ఇన్వాయిస్ వేశారంటే ఎవరో బాకీ ఉన్నట్టు. మూడు నెలలైనా ఆ బాకీ వసూలు కాకపోతే, వసూలుకు ఇన్ని రోజులెందుకు పడుతోందని మార్కెట్ విశ్లేషకుడు అడుగుతాడు. కాబట్టి వసూలైనట్టు రాయాలి. అలా రాస్తే బ్యాంకు నిల్వ పెరుగుతుంది. వేల కోట్లు కరెంట్ ఖాతాలో వడ్డీ లేకుండా ఎందుకున్నాయన్నది తర్వాతి ప్రశ్న. దానికి జవాబుగా ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు పుట్టాలి. డిపాజిట్ ఉంటే వడ్డీ రావాలి. అదిగో, ఆ 376 కోట్లు పుట్టింది అక్కడే. వడ్డీ వస్తే దాని మీద మూలంలో కోసిన పన్ను లెక్క కూడా కుదరాలి. ప్రతి అబద్ధానికీ మరుసటి త్రైమాసికంలో ఇంకో అబద్ధం అవసరమవుతుంది, అదీ ముందుదానికన్నా పెద్దది. సత్యం కేసులో దర్యాప్తు సంస్థలు ఏడు వేలకు పైగా దొంగ ఇన్వాయిస్‌లు లెక్కతేల్చాయి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ప్రత్యేక లాగిన్‌తో వాటిని ఎక్కించి, మామూలు సిబ్బంది కంటపడకుండా దాచారన్నది అభియోగం. ఇక్కడ సస్పెన్స్ కోసం వర్షం, నీడలు అక్కర్లేదు. మార్చి 31 దగ్గరపడుతుంటే చాలు.

ఈ గొలుసులో మాకు అన్నిటికన్నా నచ్చిన సీను కవరు సీను. ఆడిటర్ బ్యాంకు నిల్వను నిర్ధారించుకోవాలంటే బ్యాంకుకు తానే ఉత్తరం రాయాలి. జవాబు బ్యాంకు నుంచి నేరుగా తనకే రావాలి. మధ్యలో కంపెనీ మనిషి చెయ్యి పడకూడదు. ఆడిట్ ప్రమాణాల్లో ఉన్న నియమం ఇది. ఆచరణలో ఏమవుతుంది? "సార్, మీరెందుకు శ్రమ పడతారు, మావాడు బ్యాంకుకే వెళ్తున్నాడు, తెచ్చిస్తాడు" అంటారు. కవరు కంపెనీ చేతుల మీదుగా వస్తుంది. అంతే, నేరం జరిగిపోయింది. కొన్ని శాఖల నుంచి నేరుగా వచ్చిన జవాబుల్లో తక్కువ నిల్వ, కంపెనీ ఇచ్చిన కాగితాల్లో ఎక్కువ నిల్వ ఉన్నా ఎవరూ పట్టించుకోలేదని సత్యం మీద స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన ఆదేశాలు చదివితే తెలుస్తుంది. దర్శకుడు ఈ సీను తీయాలంటే మూడు వస్తువులు చాలు: అంటించని కవరు, టీ కప్పు, ఆడిటర్ దగ్గర శిక్షణలో ఉన్న ఇరవై రెండేళ్ల ఆర్టికల్ కుర్రాడు. వాడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. పైవాడి వైపు చూస్తాడు. పైవాడు గడియారం చూసుకుంటాడు. చీకటి సినిమాకు ఇంతకన్నా చీకటి ఏం కావాలి?

తర్వాతి అంకం మేటాస్. ఇంగ్లీషు అక్షరాల్లో పేరు తిరగేసి చదివితే సత్యం. ఏ రచయితైనా ఇలా రాస్తే ప్రేక్షకుణ్ని పిల్లాడనుకున్నాడని తిడతారు. 2008 డిసెంబరు 16న రాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనాలని సత్యం బోర్డు తీర్మానించింది. మేటాస్ ప్రాపర్టీస్ మొత్తం 130 కోట్ల డాలర్లకు, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటా 30 కోట్ల డాలర్లకు. ఎత్తుగడ ఏమిటంటే, లేని డబ్బు పెట్టి ఉన్న భూమిని కొంటే, లేని డబ్బు ఖర్చయిపోయినట్టు పుస్తకాల్లో మాయమవుతుంది, భూమి మిగులుతుంది. లొసుగు పూడ్చడానికి అదే చివరి ప్రయత్నమని ఆ జనవరి ఉత్తరంలో రామలింగరాజే రాశారు. అమెరికాలో షేరు కుప్పకూలడంతో గంటల్లోనే ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. ఆనాటి బోర్డులో బయటి డైరెక్టర్లుగా హార్వర్డ్ ఆచార్యుడు, కేంద్రంలో కేబినెట్ కార్యదర్శిగా చేసిన ఒక అధికారి, ఒక పేరున్న బిజినెస్ స్కూల్ డీన్ ఉన్నారు. అందరి ఆమోదంతోనే తీర్మానం పాసైంది. రాజకీయ వ్యంగ్యం రాసేవాడికి ఈ గది బంగారు గని. ఎవడూ దొంగ కాదు, ఎవడూ అరవడు, నీళ్ల గ్లాసుల మీద కాగితం మూతలు ఉంటాయి, అందరూ తలలూపుతారు.

వేగం కావాలనుకునేవాళ్లకు తాకట్టు షేర్లున్నాయి. ప్రమోటర్, అంటే కంపెనీని పెట్టి నడిపేవాడు, తన షేర్లు కుదువపెట్టి అప్పు తెస్తాడు. ఉదాహరణకు 100 రూపాయల షేరు మీద 50 ఇచ్చారనుకోండి. ధర 70కి పడితే అదనపు షేర్లు గానీ, నగదు గానీ తెమ్మని అప్పిచ్చినవాడు ఫోన్ చేస్తాడు. తేలేకపోతే మార్కెట్లో అమ్మేస్తాడు. ఆ అమ్మకంతో ధర ఇంకా పడుతుంది. అప్పుడు రెండో అప్పులవాడు ఫోన్ ఎత్తుతాడు. ఒక ప్రమోటర్ మధ్యాహ్నం రెండు నుంచి మార్కెట్ మూసే మూడున్నర దాకా ఫోన్లు ఎత్తుతూ ఉండడం, అదే సమయంలో పై గదిలో టీవీ ఛానల్‌కు చిరునవ్వుతో ఇంటర్వ్యూ ఇవ్వడం! ఏ కారు ఛేజింగు దీనికి సాటి రాదు. తాకట్టు వివరాలు స్టాక్ ఎక్స్ఛేంజీలకు చెప్పి తీరాలన్న నిబంధన 2009 జనవరి చివర్లో, అంటే సత్యం బద్దలయ్యాకే వచ్చింది. కథ అంతకుముందు కాలంలో జరిగితే తాకట్టు గుట్టుగా ఉంటుంది. తర్వాత జరిగితే ఎవరైనా చూడవచ్చు. రచయిత ఏ సంవత్సరం ఎంచుకున్నాడన్నదాన్ని బట్టి కథే మారిపోతుంది. మేం చదివే స్క్రిప్టుల్లో ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే.

ఇక భూమి. మన సినిమాల్లో రైతు మెడ మీద కత్తి పెట్టి వేలిముద్ర వేయించుకుంటారు. కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. ఆ స్థాయి లాభం ఉన్నచోట కత్తి పట్టేవాడు చిల్లర మనిషి. భూమి ధర పెంచేది కాగితం. ఒక సర్వే నంబరు, రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా 22ఏ లోంచి తప్పుకోవాలి. మాస్టర్ ప్లాన్‌లో ఆ భూమి ఎందుకు వాడాలో చెప్పే రంగు మారాలి. ప్రభుత్వం పేదలకు పంచిన అసైన్డ్ భూమి అయితే 1977 చట్టం ప్రకారం అమ్మకమే చెల్లదు కనుక, అది అసలు అసైన్డే కాదని పాత పహాణీలో (ఊరి భూమి రికార్డులో) ఒక గీత దొరకాలి. హైదరాబాద్ జంట జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్లు, 84 గ్రామాలు నిర్మాణాల మీద ఆంక్షలు పెడుతూ 1996లో వచ్చిన 111 జీవో కిందికి వచ్చాయి. 2022లో 69 జీవో ఆ ఆంక్షలను సడలించింది. జీవో వచ్చిన మర్నాడు కొన్నవాడు వ్యాపారి. ముందురోజు కొన్నవాడు మన కథలో విలన్. ఈ ఇద్దరి మధ్య ఒక రాత్రే తేడా, ఆ రాత్రి ఎవరు ఎవరింటికి భోజనానికి వెళ్లారన్నదే సినిమా.

అన్ని ఎకరాలు ఒకే పేరు మీద ఎందుకుండవు? 1973 సీలింగ్ చట్టం నేల తరగతిని బట్టి మెట్టకు 35 నుంచి 54 ఎకరాల పరిమితి పెట్టింది. అందుకే కంపెనీలు పుడతాయి. ప్రైవేట్ కంపెనీకి ఇద్దరు డైరెక్టర్లు, ఇద్దరు వాటాదారులు చాలు. 2015 నుంచి కనీస మూలధనం నిబంధన కూడా లేదు. డ్రైవరు, వంటమనిషి, మేనేజరు బావమరిది డైరెక్టర్లైపోతారు. సత్యం వ్యవహారంలో మూడు వందలకు పైగా ఇలాంటి కంపెనీల ప్రస్తావన ఉంది. ఇక్కడ కళాదర్శకుడికి ఒక కానుక. ప్రతి కంపెనీ తన రిజిస్టర్డ్ ఆఫీసు బయట పేరు, చిరునామాతో బోర్డు పెట్టి తీరాలని కంపెనీల చట్టం 12వ సెక్షన్ చెప్తుంది. అమీర్‌పేట సందులో మూడో అంతస్తు, ఒకే తలుపు, ఆ తలుపు చుట్టూ నలభై కంపెనీల పేర్లు. లోపల ఒక కుర్చీ, ఒక ముసలి గుమాస్తా. చట్టాన్ని అక్షరాలా పాటించిన దృశ్యం అది, హాలు నవ్వి తీరుతుంది. మన ఇన్‌స్పెక్టర్ పాత్ర చేయాల్సింది తలుపు బద్దలుకొట్టడం కాదు. ఆ నలభై కంపెనీలకూ ఒకే ఆడిటర్, ఒకే ఈమెయిల్ ఉన్నాయని రికార్డుల్లో పట్టుకోవాలి. అసలు యజమాని ఎవరో చెప్పాలన్న నిబంధన కూడా ఉంది. 10 శాతం, అంతకు మించి పరోక్ష వాటా ఉన్నవాడు బయటపడాలి. అందుకే తెలివైన విలన్ ఒక్కొక్కరి పేరు మీద తొమ్మిదిన్నర శాతం పెడతాడు.

కంపెనీ నుంచి రాజకీయ నాయకుడికి డబ్బు ఎలా వెళ్తుందన్నది మన సినిమాల్లో మరీ పాతబడిపోయింది. సూట్‌కేసు ఇంకా ఉందేమో, కాదనం. కానీ పేరు బయటపడకుండా పార్టీలకు విరాళమివ్వడానికి పెట్టిన ఎలక్టోరల్ బాండ్ల కాలాన్ని ఒక్క తెలుగు క్రైమ్ రచయితా సరిగ్గా వాడుకున్నట్టు మాకు కనబడలేదు. 2018 జనవరిలో పథకం వచ్చింది. బాండ్లు ఐదు విలువల్లో ఉండేవి: వెయ్యి, పదివేలు, లక్ష, పది లక్షలు, కోటి. అమ్మేది స్టేట్ బ్యాంక్ ఒక్కటే, అదీ ఎంపిక చేసిన శాఖల్లో, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో పదేసి రోజులు. కొన్నాక పదిహేను రోజుల్లో పార్టీ ఖాతాలో పడాలి. బాండు మీద కొన్నవారి పేరు ఉండదు. కానీ అతినీలలోహిత కాంతిలో పెడితే మాత్రం కనబడే ఒక నంబరు ఉండేది. నేర కథలు రాసేవాళ్లారా, ప్రభుత్వమే మీకోసం రహస్య సిరాతో కాగితం అచ్చువేసి ఇస్తే దాన్ని వదిలేసి సూట్‌కేసు వెంట పడతారేమిటి?

ఆ కథకు రెండో సగం కూడా సిద్ధంగానే ఉంది. అంతకుముందు కంపెనీ తన గత మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతం దాకే విరాళం ఇవ్వగలిగేది. 2017లో ఆ పరిమితి తీసేశారు. అంటే లాభమే లేని కంపెనీ కూడా దాత కావచ్చు. మన అమీర్‌పేట తలుపు గుర్తుందిగా, ఆ గుమాస్తా కోటి రూపాయల బాండు కొనడానికి బ్యాంకుకు వెళ్లి, కేవైసీ కోసం తన ఆధార్ కార్డు చూపించే సీను ఊహించండి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురి ధర్మాసనం ఏకగ్రీవంగా పథకాన్ని, ఆ పరిమితి తొలగింపును కూడా కొట్టేసింది. వివరాలు ఇవ్వడానికి బ్యాంకు జూన్ 30 దాకా గడువు అడిగింది. అప్పటికి ఎన్నికలు అయిపోతాయి. మర్నాటికల్లా ఇవ్వమని మార్చి 11న కోర్టు చెప్పింది, ఇచ్చేశారు. నాలుగు నెలల పని ఒక్క రోజులో అయిపోయింది. ఎన్నికల సంఘం బయటపెట్టిన జాబితాలో కొన్నవాళ్లలో రెండో స్థానం హైదరాబాద్ కంపెనీదే. కాంట్రాక్టు తేదీలు, సోదాల తేదీలు, బాండ్ల తేదీలు పక్కపక్కన పెట్టి దేశమంతా పట్టికలు వేసుకుంది. తేదీలు పక్కపక్కన ఉన్నంత మాత్రాన నేరం రుజువు కాదు, కోర్టులో అయితే అస్సలు కాదు. ఆ సందిగ్ధమే చీకటి సినిమాకు ఊపిరి. హీరో చేతిలో పట్టిక ఉంటుంది, రుజువు ఉండదు.

రుజువు మాటకొస్తే పెన్‌డ్రైవ్ గురించి ఒక ముక్క. క్లైమాక్సులో హీరో పెన్‌డ్రైవ్ టీవీ ఛానల్‌కు ఇస్తాడు, విలన్ కుర్చీలో కూలబడతాడు. అసలు జరిగేది వేరు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు కాపీని కోర్టు తీసుకోవాలంటే దానితోపాటు సర్టిఫికెట్ ఉండాలి, ఫైలు హాష్ విలువ, అంటే ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య, అందులో రాయాలి. హీరో ఆ ఫైలును తెరిచి, పేరు మార్చితే పర్వాలేదు గానీ లోపల ఒక్క అక్షరం మార్చి సేవ్ చేస్తే హాష్ మారిపోతుంది. విలన్ తరఫు లాయరు అరవాల్సిన పనే లేదు, రెండు హాష్‌లు చదివి కూర్చుంటాడు. దర్యాప్తు కూడా ఒక్క ఇన్‌స్పెక్టర్ పని కాదు. సత్యంలో మొదట రాష్ట్ర సీఐడీ అరెస్టు చేసింది, తర్వాతి నెల సీబీఐకి వెళ్లింది, మరోవైపు సెబీ, ఇంకోవైపు తీవ్ర మోసాల దర్యాప్తు కార్యాలయం, ఈడీ. ఒకే అల్మరాలోని ఫైళ్ల కోసం ఇన్ని సంస్థలు రసీదులు రాసుకుంటాయి. వ్యంగ్యం కావాలంటే జెరాక్సు యంత్రం దగ్గర కెమెరా పెట్టండి. 2015 ఏప్రిల్లో ప్రత్యేక కోర్టు పదిమందికి ఏడేళ్ల శిక్ష వేసింది. మరుసటి నెలే అప్పీలులో శిక్ష నిలిపివేసి బెయిలిచ్చారు. మన నిర్మాతలు ఒప్పుకునే క్లైమాక్స్ ఏప్రిల్ దగ్గర ఆగిపోతుంది.

భాష సంగతి. వ్యంగ్యమంటే మంత్రి పాత్రకు నత్తి పెట్టడం, యాస పెట్టడం కాదు. తెలంగాణ యాసను, రాయలసీమ యాసను నవ్వులాటకు వాడుకున్నది చాలు. అధికారం మాట్లాడే భాషలో నవ్వుంది. "తీర్మానించడమైనది", "ప్రజాప్రయోజనాల దృష్ట్యా", "తగు చర్య నిమిత్తం పంపడమైనది". కర్త లేని వాక్యాలివి. ఎవరు తీర్మానించారు, ఎవరు పంపారు అన్నది ఎక్కడా ఉండదు. ఒక గ్రామం ఖాళీ అయిపోయే నిర్ణయాన్ని సెక్షన్ ఆఫీసర్ ఈ భాషలో చదివి వినిపిస్తుంటే, అవతల అండర్ సెక్రటరీ అక్షరదోషం దిద్దుతుంటే, ఏ డైలాగూ అవసరం లేదు. ఛైర్మన్ కూడా ఛాలెంజ్ విసరడు. "అన్నా, ఆ ఫైలు ఒక్కసారి చూడరాదే" అంటాడు. ఐఏఎస్ అయితే "సార్, మీ బ్యాచ్‌మేట్ కలిశారు మొన్న" అంటాడు. బెదిరింపు అక్కడితో పూర్తయింది.

ఇప్పుడు సెన్సార్. సినిమాటోగ్రాఫ్ చట్టం 5బి సెక్షన్‌లో సర్టిఫికెట్ నిరాకరించడానికి కారణాలున్నాయి: దేశ సార్వభౌమత్వం, భద్రత, విదేశీ సంబంధాలు, శాంతిభద్రతలు, మర్యాద, పరువునష్టం, కోర్టు ధిక్కారం, నేరానికి ప్రేరణ. ప్రభుత్వాన్ని ఎగతాళి చేయడం ఆ జాబితాలో లేదు. 1991 మార్గదర్శకాల్లో వ్యక్తి గానీ, వ్యక్తుల సమూహం గానీ పరువు పోయేలా చూపకూడదని ఉంది. కార్పొరేట్ కథలకు చిక్కు వచ్చేది దీనితోనే. పరిశీలన కమిటీ కోతలు చెప్తే రివైజింగ్ కమిటీకి వెళ్లవచ్చు. ఆ తర్వాత ఇదివరకు అప్పిలేట్ ట్రిబ్యునల్ ఉండేది. 2021లో దాన్ని రద్దు చేశారు. ఇప్పుడు హైకోర్టే దిక్కు. విడుదల తేదీ ప్రకటించి, థియేటర్లు మాట్లాడుకుని, వడ్డీ మీద వడ్డీ పెరుగుతున్న నిర్మాత హైకోర్టుకు వెళ్లడు, మాట మ్యూట్ చేస్తాడు. సెన్సార్ బలం చట్టంలో కన్నా ఫైనాన్షియర్ వడ్డీలో ఎక్కువ. ఇంకో ఒత్తిడి టీవీ హక్కులది. పెద్దలకు మాత్రమే అనే 'ఎ' సర్టిఫికెట్ వస్తే టీవీలో వేయలేరు, అందుకని పెద్దల తోడుతో పిల్లలూ చూడగలిగే 'యూఏ' కోసం బేరం మొదలవుతుంది. 2023 సవరణ తర్వాత యూఏలో 7, 13, 16 ఏళ్ల మెట్లు వచ్చాయి, టీవీ కోసం విడిగా సర్టిఫికెట్ తీసుకునే వీలూ వచ్చింది. అయినా పాత అలవాటు పోలేదు. రక్తం తగ్గించమంటే రక్తంతోపాటు జీవో సీనూ లేపేస్తారు, గొడవెందుకని. అన్నట్టు, విలన్ సిగార్ వెలిగిస్తే కింద హెచ్చరిక తప్పనిసరి. దొంగ బ్యాలెన్స్ షీటు మీద సంతకం పెడుతుంటే ఏ హెచ్చరికా అక్కర్లేదు.

సర్టిఫికెట్ వచ్చాక వీధిలో గొడవ చేస్తామని బెదిరిస్తే సినిమా ఆపడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1989లోనే, రిజర్వేషన్ల మీద వచ్చిన ఒక తమిళ సినిమా కేసులో చెప్పింది. 2019లో ఒక బెంగాలీ రాజకీయ వ్యంగ్య సినిమాను విడుదలైన మర్నాడే హాళ్లలోంచి తీసేశారు. రాష్ట్ర ప్రభుత్వమే నిర్మాతకు, థియేటర్ల యజమానులకు 20 లక్షల పరిహారం కట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. మన ఫిల్మ్‌నగర్ కథాచర్చల్లో ఈ తీర్పు పేరు వినబడదు.

నిజమైన భయం కంపెనీ వేసే దావా. భారతీయ న్యాయ సంహిత 356 కింద కంపెనీకి కూడా పరువు ఉంటుంది. సినిమా మొదట్లో వేసే "పాత్రలన్నీ కల్పితం" కార్డు ఒంటరిగా ఎవరినీ కాపాడదు. చూసినవాడు ఫలానావాళ్లేనని పోల్చుకోగలడా లేదా అన్నదే ప్రశ్న. అందుకని స్క్రిప్టు దశలోనే కొన్ని పనులు చేయాలి. కంపెనీకి పెట్టిన పేరు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్లోను, ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీలోను వెతకాలి. అదే పేరుతో కోయంబత్తూరులో నిజంగానే పంపుల కంపెనీ ఉంటే చిక్కే. రంగం మార్చండి, కాలం మార్చండి, రెండు మూడు కుంభకోణాలను కలిపి ఒకటి చేయండి. లోగో రంగు, కారు నంబరు, ఛైర్మన్ మీసం దాకా చూసుకోండి. ప్రతి సీను పక్కన అది ఏ తీర్పు, ఏ సెబీ ఆదేశం, ఏ కాగ్ నివేదిక ఆధారంగా రాశారో పేజీ నంబరుతో రాసి పెట్టుకోండి. కోర్టు రికార్డు మీద నిలబడి రాసినదాన్ని కదిలించడం కష్టం. విచారణకు ముందే ప్రచురణ ఆపే ఉత్తర్వులు ఆచితూచి ఇవ్వాలని 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఒక వార్తాసంస్థ కేసులో కింది కోర్టులను హెచ్చరించింది కూడా. ఓటీటీకి సెన్సార్ సర్టిఫికెట్ అవసరం లేదు, అయినా అక్కడి లాయర్లు ముందు అడిగేది ఈ ఆధారాల ఫైలే. అది లేనప్పుడు వాళ్లు కోసేది బూతును కాదు, కంపెనీ సీన్లను.

చివరిగా మీ సమీక్షకులకు ఒక విన్నపం. క్రైమ్ సినిమాకు రేటింగ్ ఇచ్చేటప్పుడు ఛాయాగ్రహణం, నేపథ్య సంగీతంతోపాటు నేరం ఎలా జరిగిందో సినిమా చూపించిందా అని కూడా ఒక వాక్యం రాయండి. రచయితలకు ఖర్చు పెద్దదేమీ కాదు. సెబీ ఆదేశాలు, సుప్రీంకోర్టు తీర్పులు ఉచితం. ఏ కంపెనీ దాఖలు చేసిన పత్రాలైనా వంద రూపాయలు కడితే ఇంట్లో కూర్చుని చూడవచ్చు. పత్రాలు తెరిచాక చూసే వీలు కొన్ని గంటలే ఉంటుంది కాబట్టి డబ్బు కట్టే ముందు డైరెక్టర్ల పేర్లు, కావాల్సిన సంవత్సరాలు రాసి పెట్టుకుంటే మంచిది.

ఇట్లు,
కొందరు ఆడిటర్లు, న్యాయవాదులు, స్క్రిప్టు పరిశీలకులు
హైదరాబాద్